షుగర్ ఉన్నవాళ్లకు బీమా ఎవరిస్తారు?

"మేడమ్, అమ్మగారికి షుగర్ ఉందా?"

పేరు, వయసు, ఊరు అడిగాక ఏజెంటు ఫోనులో వేసిన నాలుగో ప్రశ్న అది. ఉందన్నాను. ఎన్నేళ్ల నుంచి? ఎనిమిదేళ్లు. మాత్రలా, ఇన్సులినా? రెండూ. అవతల కాసేపు కీబోర్డు చప్పుడు వినిపించింది. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు: "ఒక పని చేద్దాం మేడమ్. ఫారంలో షుగర్ లేదని రాసేద్దాం. ఉందని రాస్తే ఈ రేటు రాదు."

ఉందని రాస్తే ఎంతవుతుందో చెప్పమన్నాను. 5 లక్షల పాలసీకి ఏడాదికి 31 వేలన్నాడు. అది కూడా పరీక్షలన్నీ చూసి కంపెనీ ఒప్పుకుంటేనే. ఒప్పుకున్నా, షుగర్‌తో ముడిపడిన ఏ జబ్బుకూ మొదటి మూడేళ్లు పైసా రాదు.

మా అమ్మ విజయవాడ దగ్గర ఒక ప్రైవేటు ఆస్పత్రిలో హౌస్‌కీపింగ్ పని చేస్తుంది. కాంట్రాక్టరు కింద ఉద్యోగం, నెలకు 11 వేలు. రోజూ ఐసీయూ ముందు నేల తుడుస్తుంది. ఆ తలుపు లోపల తనే పడుకోవాల్సిన రోజు వస్తే ఏం చెయ్యాలన్నది కొన్నేళ్లుగా నన్ను తినేస్తున్న భయం. నా ఫెలోషిప్‌లోంచి కాస్త మిగిల్చి ఆమెకు పాలసీ కడదామనుకున్నాను.

"కార్డుంది గదే, మళ్లీ ఈ ఇన్సూరెన్సు ఎందుకు?" అంది అమ్మ. కార్డు ఉన్న మాట నిజమే. కానీ 2025లో బకాయిలు చెల్లించడం లేదంటూ నెట్‌వర్క్ ఆస్పత్రులు సెప్టెంబరులో తెలంగాణలో, అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో సేవలు ఆపేశాయి. మళ్లీ తెరిచారు. మళ్లీ ఎప్పుడు మూస్తారో ఎవరికి తెలుసు?

ఏజెంటు చెడ్డవాడేం కాదు. తన వృత్తిలో రోజూ జరిగేదే చెప్పాడు. అబద్ధం రాస్తే దొరికే బీమా, నిజం రాస్తే దొరకని బీమా. ఈ రెండింటి మధ్య పేదవాళ్లను నిలబెట్టిన ఏర్పాటు గురించే ఈ వ్యాసం.

ఉన్నోళ్ల జబ్బు అన్న మాట

షుగర్‌ను మన పేటల్లో ఇప్పటికీ "ఉన్నోళ్ల జబ్బు" అంటారు. ఆ మాట పాతబడిపోయింది. ఐసీఎంఆర్ మద్దతుతో దేశమంతటా జరిగిన ఇండియాబ్ అధ్యయనం 2023లో ప్రచురించిన అంచనా ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. అదే అధ్యయనం 2017లో 15 రాష్ట్రాల ఫలితాలు ఇచ్చినప్పుడు గమనించాల్సిన సంగతి ఇంకొకటి బయటపడింది. ఆర్థికంగా ముందున్న కొన్ని రాష్ట్రాల పట్టణాల్లో, డబ్బున్నవాళ్ల కంటే లేనివాళ్లలోనే మధుమేహం ఎక్కువగా కనిపించింది. జబ్బు మేడ దిగి బస్తీకి వచ్చింది. బీమా మాత్రం ఇంకా మేడ మీదే ఉంది.

ఒకే జబ్బు అందరి ఒంట్లో ఒకేలా నడవదు. చెప్పుల్లేకుండా బురదలో నాట్లు వేసే కూలీ కాలికి ముల్లు గుచ్చుకుంటే, నరాల స్పర్శ పోయిన పాదానికి ఆ సంగతే తెలియదు. తెలిసేసరికి పుండు పడుతుంది. పగలంతా రోడ్డు మీద ఉండే పారిశుద్ధ్య కార్మికురాలికి షుగర్ వల్ల మాటిమాటికీ మూత్రం వస్తుంది. వెళ్లడానికి చోటు ఉండదు. అందుకని నీళ్లు తాగడమే మానేస్తుంది. అమ్మ పని చేసే చోట మరుగుదొడ్లన్నీ కడిగేది ఈ ఆడవాళ్లే. అయినా పేషెంట్ల బాత్రూముకు వెళ్తే సూపర్‌వైజర్ అరుస్తాడు. కాబట్టి అమ్మ కూడా నీళ్లు తాగదు. వేళకు తిను, వేళకు మందేసుకో, వేళకు నడువు అని డాక్టరు చెప్పే మూడు "వేళలూ" తన చేతిలో లేని మనిషికి షుగర్ వేరే రకంగా ముదురుతుంది.

ఈ పనులు ఎవరివో అందరికీ తెలుసు. కేంద్రం నమస్తే పథకం కింద 38 వేల మంది మురుగు కాలువల, సెప్టిక్ ట్యాంకుల కార్మికుల వివరాలు సేకరిస్తే, వాళ్లలో 68.9 శాతం ఎస్సీలేనని 2024లో తేలింది. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలను కలిపితే 91.9 శాతం. ఆయుర్దాయంలోనూ ఇదే గీత. తొమ్మిది రాష్ట్రాల సమాచారంతో సంగీతా వ్యాస్, పాయల్ హాథీ, ఆశిష్ గుప్తా 2022లో ప్రచురించిన పరిశోధనలో, అగ్రకుల హిందువుల కంటే దళితుల ఆయుర్దాయం 3 ఏళ్లకు పైగా, ఆదివాసీలది 4 ఏళ్లకు పైగా తక్కువని తేలింది. పేదరికం ఒక్కటే దీన్ని వివరించలేదని కూడా వాళ్లు చెప్పారు.

బీమా నియంత్రణ సంస్థ ఏటా వెలువరించే నివేదికల్లో కంపెనీల వారీగా, రాష్ట్రాల వారీగా లెక్కలుంటాయి. కులం గడి ఉండదు. ఎవరికి పాలసీ దొరకలేదో, ఎవరి క్లెయిము తిరస్కరించారో కులాల వారీగా చెప్పే లెక్క లేనప్పుడు, వివక్ష లేదని చెప్పడం సులువు.

కంపెనీ లెక్క

కంపెనీల వాదన కూడా వినాలి. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వినట్టు, జబ్బు వచ్చాక అందరూ బీమాకు వస్తే సొమ్ము ఎక్కణ్ణుంచి తేవాలి అంటాయి. ఆరోగ్యవంతులు కూడా కడితేనే జబ్బు పడ్డవాళ్లకు చెల్లించగలం అంటాయి. ఈ లెక్క తప్పు కాదు. బీమా అంటేనే పది మంది కష్టాన్ని వంద మంది పంచుకోవడం. అసలు ప్రశ్న ఆ వంద మందిలో ఎవరిని చేర్చుకుంటారు, ఎవరిని బయట నిలబెడతారు అన్నది.

నాతో పీజీ చదివిన స్నేహితురాలు హైదరాబాదులో ఒక ఐటీ కంపెనీలో చేరింది. వాళ్ల నాన్నకు పదిహేనేళ్లుగా షుగర్. కంపెనీ గ్రూపు బీమాలో ఆయన పేరు ఎక్కించింది. జబ్బుల గురించి ఎవరూ అడగలేదు. మొదటి రోజు నుంచే అన్నీ కవరయ్యాయి. పెద్ద ఉద్యోగుల గుంపు ఒక్కసారిగా వస్తుంది కాబట్టి బీమా కంపెనీకి ఒక్కొక్కరి రక్తం చూడాల్సిన పని లేదు. అంటే షుగర్ ఉన్నవాళ్లకు మొదటి రోజు నుంచి బీమా ఇవ్వడం అసాధ్యం కాదు. అది రోజూ జరుగుతోంది. కాకపోతే ఆ గుంపులోకి వెళ్లే దారి సంఘటిత రంగంలో మంచి ఉద్యోగం. ఆ ఉద్యోగాల్లో ఎవరున్నారో, కాంట్రాక్టు హాజరు పట్టీలో ఎవరున్నారో చూస్తే బీమాలో కులం ఎక్కడ దాక్కుందో కనిపిస్తుంది. ఫారంలో కులం అడగరు. అడగాల్సిన అవసరం రాదు.

ఒంటరిగా వచ్చినవాళ్లకు నియమాలు వేరు. పాలసీకి ముందు 36 నెలల్లో డాక్టరు నిర్ధారించిన, లేదా చికిత్స చేసిన జబ్బును "ముందే ఉన్న జబ్బు" అంటారు. 2024 ఏప్రిల్ వరకు అలాంటి జబ్బుకు 48 నెలల దాకా కంపెనీ చెల్లించకుండా ఉండొచ్చు. ఇప్పుడు దాన్ని 36 నెలలకు తగ్గించారు. అన్ని వయసుల వాళ్లకు, దీర్ఘకాలిక జబ్బులున్న వాళ్లకు కూడా ఏదో ఒక పాలసీ అందుబాటులో ఉంచాలని ఐఆర్‌డీఏఐ అదే ఏడాది కంపెనీలకు చెప్పింది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై 18 శాతం జీఎస్టీ తీసేశారు. ఇవన్నీ మంచివే. వీటికోసం పోరాడినవాళ్లున్నారు.

కానీ పాలసీ అందుబాటులో ఉంచడం వేరు, అందే ధరలో ఉంచడం వేరు. షుగర్ ఉందని అదనంగా వేసే ప్రీమియాన్ని "లోడింగ్" అంటారు. పాలసీ ఉండాలన్నారే గానీ, అది 11 వేల జీతానికి అందాలని ఎవరూ అనలేదు. మొదటి రోజు నుంచే షుగర్‌ను కవర్ చేసే పాలసీలు మార్కెట్లో ఉన్నాయి. వాటి ధర చూస్తే అవి ఎవరి కోసమో అర్థమవుతుంది. 31 వేలంటే అమ్మకు దాదాపు మూడు నెలల జీతం.

ఇంత కట్టాక కూడా డబ్బు వస్తుందన్న భరోసా లేదు. ఐఆర్‌డీఏఐ 2023-24 వార్షిక నివేదిక ప్రకారం, ఆరోగ్య బీమా క్లెయిముల మొత్తం విలువలో చెల్లించింది సుమారు 71 శాతం. మిగిలినదాంట్లో కొంత పెండింగు, కొంత కోత, కొంత తిరస్కరణ. వాదించగలిగే చదువు, తిరగగలిగే తీరిక లేనివాళ్ల వాటా ఆ మిగిలినదాంట్లో ఎంతో ఊహించుకోవచ్చు.

"లేదు" అని రాయొచ్చా?

ఏజెంటు మాట విని ఆ రాత్రి నేను చాలాసేపు ఆలోచించాను. ఈ సమాజం మనకు ఏ విషయంలో నిజం చెప్పింది గనక మనం నిజం చెప్పాలి అని కూడా అనిపించింది. చివరికి వద్దనుకున్నాను. ఇందులో నీతి కంటే లెక్క ముఖ్యం. ఈ లెక్క మన విద్యార్థులందరికీ తెలియాలి.

ఆస్పత్రిలో చేరిన రోజు డాక్టరు రాసే మొదటి వాక్యం "ఎనిమిదేళ్లుగా మధుమేహం" అనే. ఆ కేస్ షీటు కంపెనీకి వెళ్తుంది. ఫారంలో "లేదు" అని ఉంటే క్లెయిము పోతుంది, పాలసీ రద్దవుతుంది, కట్టిన డబ్బు కూడా పోవచ్చు. ఏజెంటు కమీషన్ మాత్రం పోదు. ఫారం నింపింది తనే అయినా సంతకం మనది.

నిజం రాసినవాళ్ల వైపు చట్టం కొంత నిలబడింది. మన్‌మోహన్ నందా కేసు గుర్తుపెట్టుకోవాలి. ఆయనకు మధుమేహం. ఆ సంగతి చెప్పే విదేశీ ప్రయాణ మెడిక్లెయిమ్ తీసుకున్నారు. అమెరికాలో దిగగానే గుండెపోటు వచ్చి స్టెంట్లు వేశారు. కొలెస్ట్రాల్ మందుల సంగతి దాచారని, అంతకుముందున్న జబ్బే కారణమని కంపెనీ క్లెయిము తిరస్కరించింది. 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. జబ్బు సంగతి తెలుసుకుని, పరిశీలించి పాలసీ ఇచ్చాక, అదే జబ్బును సాకుగా చూపి కంపెనీ తప్పించుకోకూడదన్నది ఆ తీర్పు సారం. అంటే "ఉంది" అని రాసిన ఫారమే మన చేతిలో ఆయుధం.

ఇంకొన్ని సంగతులు తెలిసి ఉండాలి. ఐదేళ్లు, అంటే 60 నెలలు ఆగకుండా పాలసీ నడిస్తే, ఆ తర్వాత వివరాలు చెప్పలేదనే కారణంతో క్లెయిము కొట్టేయకూడదు. మోసం అని రుజువు చేస్తే తప్ప. ఇంతకుముందు ఈ గడువు 8 ఏళ్లు. ప్రతి కంపెనీ తప్పనిసరిగా అమ్మాల్సిన "ఆరోగ్య సంజీవని" అనే ప్రామాణిక పాలసీ 2020 నుంచి ఉంది. షరతులు అన్ని కంపెనీల్లో ఒకటే, ధర మాత్రం వేరు. కాబట్టి పోల్చి చూసుకోవడం తేలిక. బిల్లులో 5 శాతం మనం పెట్టుకోవాలి. క్లెయిము తిరస్కరిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి ఏడాదిలోగా వెళ్లొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ అదే ఆఫీసు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల వరకు తీర్పు చెప్పే అధికారం ఉంది. ఆ తీర్పుకు కంపెనీ కట్టుబడాలి.

వీటన్నిటికీ ఒక షరతు ఉంది. ప్రీమియం ఏటా ఆగకుండా కట్టాలి. గడువు దాటాక ఏడాది పాలసీకి 30 రోజుల గ్రేస్ ఇస్తారు. అది కూడా దాటితే ఎదురుచూసిన నెలలన్నీ సున్నా అవుతాయి. ఎస్సీ విద్యార్థుల జాతీయ ఫెలోషిప్ మీద బతికే మాలాంటి వాళ్లకు ఇది చిన్న విషయం కాదు. కాగితం మీద జేఆర్ఎఫ్ 37 వేలు, ఎస్ఆర్ఎఫ్ 42 వేలు. చేతికొచ్చేసరికి ఒక్కోసారి నెలల తరబడి ఆలస్యం. ఫెలోషిప్ మూడు నెలలు ఆగితే ఆగేది మెస్ బిల్లు ఒక్కటే కాదు, అమ్మ బీమాలో గడిచిన రెండేళ్లు కూడా.

కార్డు పనికొచ్చేది ఎప్పుడు?

ప్రభుత్వ పథకాల గురించి న్యాయంగా మాట్లాడాలి. 2007 ఏప్రిల్‌లో అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ, ప్రైవేటు కంపెనీలు వెయ్యని ఒక గొప్ప అడుగు వేసింది. "ముందే ఉన్న జబ్బు" అన్న అడ్డు దానికి లేదు. మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. కూలివాళ్ల పిల్లలకు గుండె ఆపరేషన్లు జరిగాయి. డయాలసిస్ దొరికింది. తెలంగాణలో పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడది ఎన్టీఆర్ వైద్యసేవ. 2018లో వచ్చిన కేంద్ర పథకం ఆయుష్మాన్ భారత్ కుటుంబానికి 5 లక్షల వరకు ఇస్తుంది. 2024 అక్టోబరు నుంచి 70 ఏళ్లు దాటిన అందరికీ ఆదాయంతో పని లేకుండా వర్తిస్తోంది.

అయితే ఈ పథకాలన్నీ ప్రధానంగా ఆస్పత్రి మంచం చుట్టూ అల్లినవి. షుగర్ మంచం జబ్బు కాదు, రోజువారీ జబ్బు. దానికి కావలసింది నెలనెలా మాత్రలు, ఇన్సులిన్, మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ, ఏడాదికోసారి కంటి పరీక్ష, క్రియాటినిన్, పాదాల పరీక్ష. వీటిలో దేనికీ మంచం ఎక్కాల్సిన పని లేదు. కాబట్టి దేనికీ కార్డు పనికిరాదు. వీటిని ఏళ్లపాటు నిర్లక్ష్యం చేస్తే కిడ్నీ పోతుంది, అప్పుడు డయాలసిస్‌కు కార్డు పనిచేస్తుంది. గుండె ఆగబోతుంది, అప్పుడు ఆపరేషన్‌కు పనిచేస్తుంది. మాత్రకు లేని డబ్బు ఆపరేషన్‌కు ఉంది. మాత్ర అమ్మితే కార్పొరేట్ ఆస్పత్రికి వచ్చేదేమీ లేదు.

ఈ విమర్శ కొత్తది కాదు. రాజన్ శుక్లా, వీణా శత్రుఘ్న, ఆర్. శ్రీవత్సన్ 2011లోనే ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాసిన వ్యాసంలో, ఆరోగ్యశ్రీ నమూనా ప్రైవేటు రంగానికి లాభించేదని చెప్పారు. ప్రభుత్వాలు మారాయి, పథకం పేర్లు మారాయి, పరిమితి లక్షల్లో పెరిగింది. నమూనా మారలేదు.

మరి రోజువారీ వైద్యం ఎవరి బాధ్యత? కాగితం మీద ప్రాథమిక ఆరోగ్య కేంద్రానిది. అసాంక్రమిక వ్యాధుల జాతీయ కార్యక్రమం 2010 నుంచి ఉంది. బీపీ, షుగర్ ఉన్న 7.5 కోట్ల మందిని 2025 డిసెంబరు నాటికి ప్రామాణిక చికిత్స కిందికి తెస్తామని కేంద్రం 2023లో లక్ష్యం పెట్టుకుంది. మా ఊళ్లో ఏఎన్ఎం వచ్చి షుగర్ చూస్తుంది, మెట్‌ఫార్మిన్ ఇస్తుంది. చాలా మందికి జబ్బు ఉందని తెలిసిందే ఆమె వల్ల. కానీ స్ట్రిప్పులు అయిపోయిన నెల వస్తుంది. ఇన్సులిన్ దగ్గరికొచ్చేసరికి పెద్దాస్పత్రికి వెళ్లమంటారు. వెళ్తే ఒక రోజు కూలి పోతుంది. అందుకని మెడికల్ షాపులో నాలుగు రోజుల మాత్రలు కొనుక్కుని వారం సర్దుకుంటారు. దేశం మొత్తం ఆరోగ్య ఖర్చులో జనం సొంత జేబు నుంచి పెట్టేది 2021-22లో 39.4 శాతం అని జాతీయ ఆరోగ్య లెక్కలు చెబుతున్నాయి. ఆ నాలుగు రోజుల మాత్రల డబ్బు కూడా అందులోనిదే.

83 రూపాయల దారి

కంపెనీ తలుపు మూసింది, కార్డు మంచం దాకా ఆగమంది. మూడో దారి అమ్మ జీతం చీటీలోనే ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది. ప్రతి నెలా అందులో 83 రూపాయల కోత. పక్కన "ఈఎస్‌ఐ" అని రాసి ఉంది. అదేమిటని అమ్మ ఎప్పుడూ అడగలేదు. ఎవరూ చెప్పలేదు.

ఈఎస్‌ఐలో కార్మికుల వాటా జీతంలో 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. 11 వేలకు అమ్మ కట్టేది 83 రూపాయలు, కాంట్రాక్టరు కట్టాల్సింది 358. దానికి కార్మికురాలికీ ఆమె మీద ఆధారపడిన కుటుంబానికీ మొదటి రోజు నుంచి వైద్యం. డిస్పెన్సరీలో డాక్టరు, పరీక్షలు, మందులు, ఇన్సులిన్, అవసరమైతే ఆస్పత్రి. ముందే ఉన్న జబ్బు అన్న ప్రశ్న లేదు, లోడింగ్ లేదు, మూడేళ్ల ఎదురుచూపు లేదు. జబ్బును బట్టి కాదు, జీతాన్ని బట్టి చందా. ఏజెంటు ఏడాదికి 31 వేలు అడిగి ఇవ్వలేనన్నది, ఏడాదికి 996 రూపాయలకు అమ్మకు ఎప్పటినుంచో హక్కుగా ఉంది.

ఇది ఆకాశం నుంచి ఊడిపడలేదు. పారిశ్రామిక కార్మికులకు ఆరోగ్య బీమా పథకం తయారు చేయమని ప్రొఫెసర్ బి.పి. అదార్కర్‌ను 1943లో నియమించినప్పుడు, వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్ బాబాసాహెబ్ అంబేడ్కర్. ఆ నివేదిక మీద నిలబడిన ఈఎస్‌ఐ చట్టం 1948 ఏప్రిల్ 19న వచ్చినప్పుడు కార్మిక మంత్రి బాబూ జగ్జీవన్ రామ్. దేశంలో కార్మికుల ఆరోగ్య బీమా పునాది పడిన కాలంలో ఆ శాఖ ఇద్దరు దళిత నాయకుల చేతుల్లో ఉందన్న సంగతి మన పాఠ్యపుస్తకాల్లో కనిపించదు. 1947లో రాజ్యాంగ సభ కోసం తయారు చేసిన "స్టేట్స్ అండ్ మైనారిటీస్"లో అంబేడ్కర్ ఇంకా ముందుకు వెళ్లారు. బీమా వ్యాపారం పూర్తిగా ప్రభుత్వం చేతిలోనే ఉండాలని, ప్రతి వయోజనుడూ తన జీతానికి తగ్గ జీవిత బీమా తీసుకునేలా ప్రభుత్వం నిర్బంధించాలని ప్రతిపాదించారు. ఆయన అన్నది జీవిత బీమా గురించే. కానీ కంపెనీల వాదనకు జవాబు అందులోనే ఉంది. జబ్బు పడ్డాక మాత్రమే జనం వస్తారన్న భయం ఉంటే, అందరినీ ముందే చేర్చండి, జీతాన్ని బట్టి కట్టించుకోండి.

అంబేడ్కర్ స్వయంగా మధుమేహంతో బాధపడ్డారు. కాళ్ల నొప్పులతో నిద్రలేని రాత్రులు గడిపారు, ఇన్సులిన్ తీసుకున్నారు. తనకు వైద్యం చేసిన డాక్టర్ శారదా కబీర్‌ను ఆయన పెళ్లి చేసుకున్నది 1948 ఏప్రిల్ 15న. నాలుగు రోజులకే ఈఎస్‌ఐ చట్టం వచ్చింది. యాదృచ్ఛికమే కావచ్చు. కానీ షుగర్‌తో బతికే మనిషికి రోజూ ఎవరో ఒకరు తోడుండాలన్న సంగతి ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ఈఎస్‌ఐని ఆదర్శంగా చూపి ఊరుకోలేను. జీతం చీటీ పట్టుకుని కాంట్రాక్టరు ఆఫీసుకు వెళ్తే అమ్మకు ఇన్సూరెన్స్ నంబరే లేదని తెలిసింది. డబ్బు కోసుకున్నారు, కట్టలేదు. కార్మికుల జీతం నుంచి కోసిన చందా జమ చేయకపోవడం చట్టం దృష్టిలో నమ్మకద్రోహం నేరం. అమ్మతో పాటు పద్నాలుగు మంది ఆడవాళ్లు అర్జీ మీద సంతకాలు, వేలిముద్రలు పెట్టారు. అర్జీ ఈఎస్‌ఐ ఆఫీసుకు వెళ్తుందనగానే ఐదు వారాల్లో నంబర్లు వచ్చాయి. డిస్పెన్సరీల్లోనూ మందుల కొరత ఉంది, డాక్టర్ల కొరత ఉంది. 2019లో తెలంగాణలో, 2020లో ఆంధ్రప్రదేశ్‌లో ఈఎస్‌ఐ మందుల కొనుగోళ్లలో అక్రమాలపై కేసులు నమోదయ్యాయి. 21 వేల రూపాయల జీతం పరిమితి 2017 జనవరిలో పెట్టింది. అది దాటితే, కొద్ది నెలల చందా కాలం ముగియగానే బయటికి. వ్యవసాయ కూలీకి, ఇళ్లల్లో పాచి పని చేసే ఆమెకు, చెత్త ఏరుకునే ఆమెకు అసలు దారే లేదు. చందా కట్టే యజమాని ఎవరో తేలని పనుల్లోనే మన జనం ఎక్కువ.

అయినా ఆ మొదటి రోజు నాకు గుర్తుంది. డిస్పెన్సరీలో డాక్టరు అమ్మను అడిగింది: "షుగర్ ఎన్నేళ్ల నుంచి ఉందమ్మా?" ఏజెంటు అడిగిన ప్రశ్నే. అతను అడిగింది ఆమెను బయట ఉంచడానికి. ఈమె అడిగింది మందు డోసు నిర్ణయించడానికి. అమ్మ సంచిలో నెల మందులతో బయటికి వచ్చింది.

ఏం అడగాలి

ఏ ఎన్నికలొచ్చినా పరిమితి 5 లక్షలా, 10 లక్షలా, 25 లక్షలా అన్న వేలంపాట నడుస్తుంది. షుగర్ ఉన్న కూలీకి ఆ అంకెలతో పెద్దగా పని లేదు. ఆమెకు కావలసింది నెలనెలా ఆగకుండా వచ్చే మందు. కాబట్టి మన సంఘాలు అడగాల్సినవి వేరు.

మొదటిది, రోజువారీ వైద్యాన్ని, ఇన్సులిన్‌తో సహా, పథకాల్లో చేర్చాలి. గ్లార్జిన్ ఇన్సులిన్ 2022లోనే జాతీయ అత్యవసర మందుల జాబితాలో చేరింది. జాబితాలో ఉన్న మందు ఊళ్లో ఆరోగ్య కేంద్రంలో ఉండాలి. రెండోది, ఈఎస్‌ఐ తలుపులు అసంఘటిత కార్మికులందరికీ తెరవాలి. యజమాని లేని చోట యజమాని వాటా ప్రభుత్వం కట్టాలి. కార్పొరేట్ ఆస్పత్రుల బిల్లులకు డబ్బు ఉన్నప్పుడు దీనికి లేదనడం కుదరదు. 21 వేల పరిమితి పెంచాలి. మూడోది, ముందే ఉన్న జబ్బుల పేరుతో వేసే లోడింగ్‌కు ఐఆర్‌డీఏఐ గరిష్ఠ పరిమితి పెట్టాలి. తిరస్కరించిన ప్రతిపాదనల, క్లెయిముల లెక్కలు ఆదాయం, వృత్తి, సామాజిక వర్గం వారీగా బయటపెట్టాలి. ఆ ఆఫీసు హైదరాబాదులోనే ఉంది. ఢిల్లీ వెళ్లనక్కర్లేదు.

నాలుగోది మనం చేయగలిగింది. ఈ వారం మీ ఇంట్లోనో, మీ హాస్టల్ వంటగదిలోనో, మీ క్యాంపస్ ఊడ్చే వాళ్లలోనో ఒకరి జీతం చీటీ అడిగి చూడండి. ఈఎస్‌ఐ కోత ఉందా, ఉంటే నంబరు ఉందా? నంబరు లేకపోతే మరో పది మందిని కలుపుకుని అర్జీ రాయండి. ఒంటరిగా వెళ్తే సూపర్‌వైజర్ అరుస్తాడు. పద్నాలుగు మంది వెళ్తే కుర్చీ వేస్తాడు. మా అమ్మ చెప్పిన మాటే ఇది.